నీడ పక్క వేడి

"నాయనా, నా పక్క గాలి మారింది," అంది యమున.

హిందూపురం దాటి ఐదారు మైళ్ళు వచ్చి ఉంటాం. రెండేళ్ళ కిందటి ఏప్రిల్ మొదటి వారం అది. పొద్దున ఎనిమిది కాలేదు, అప్పటికే రోడ్డు మీద ఎండ నీళ్ళలా కదులుతోంది. నేను స్టీరింగు మీంచి ఎడమ చెయ్యి తీసి, ఆమె ముందు ఏసీ గాలి వచ్చే చోట పెట్టి చూశాను. చల్లగానే ఉన్నట్టు తోచింది.

"బాగానే ఉండాది కదా బిడ్డా."

"బాగానే ఉండాది. కానీ మారింది."

ఆమె మెడకు చుట్టుకున్న గుడ్డ విప్పి, సీసాలోని నీళ్ళు కొంచెం పోసి, పిండి, మళ్ళీ చుట్టుకుంది. పెనుకొండ కోటగోడలు కనబడేసరికి నా చేతికీ తెలిసింది. నా ముందు నుంచి వచ్చే గాలి చల్లగా ఉంది. ఆమె ముందు నుంచి వచ్చేది గోరువెచ్చగా ఉంది.

ఇంకెవరి కారులోనైనా ఇది చిన్న విషయం. అద్దం దించుకుంటే సరిపోతుంది. యమునకు సరిపోదు. ఆమెకు పుట్టుక నుంచి చెమట పట్టదు. ఒంట్లో చెమట గ్రంథులే లేవని బెంగళూరు డాక్టరు చెప్పాడు. మనకు ఎండ తగిలితే చెమట పోస్తుంది, అది ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఆమెకు ఆ దారి లేదు. లోపలికి వెళ్ళిన వేడి లోపలే నిలిచిపోతుంది. ఆ జబ్బుతోనే జుట్టు పలచన, పళ్ళు ఐదారు, అవీ కొనదేలినవి. పదహారేళ్ళు ఆమెను తడిగుడ్డల మధ్య పెంచాం. హిందూపురంలో మా అద్దె ఇంట్లో మార్చి నుంచి జూన్ దాకా కిటికీలకు తడిపిన గోనెపట్టాలు వేలాడుతుండేవి. ఆ నాలుగు నెలలూ వాళ్ళమ్మ కుళ్ళాయమ్మ ఆమెను గడప దాటనిచ్చేది కాదు.

నేను పాత కారు కొన్నది ఆమెను ఆసుపత్రికి తిప్పడానికే. తర్వాత అదే బతుకుతెరువైంది. హిందూపురంలో తీసిన పట్టునూలు కట్టలను వారానికి ఐదారు రోజులు ధర్మవరం మగ్గాలవాళ్ళకు చేరవేసేవాణ్ణి. ఆ ఏడు యమున పదో తరగతి పరీక్షలు రాసింది. పాలిటెక్నిక్‌లో చేరతానంది. ప్రవేశ పరీక్ష ఏప్రిల్ చివర ఉంది. దానికి పాఠాలు చెప్పేవాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు గానీ, ఏసీ గదిలో కూర్చోబెట్టి చెప్పేది ధర్మవరంలో ఒక్క చోటే. నేను ఎట్లాగూ పోయే దారే కదా అని, కుళ్ళాయమ్మను నెల రోజులు బతిమాలి ఒప్పించాను. చల్లటి ఇంట్లోంచి చల్లటి కారులోకి, కారులోంచి చల్లటి గదిలోకి. ఆమె ఒప్పుకున్నది ఆ మాట మీద.

ఆ మాట పొల్లుపోయేటట్టు కనబడుతోంది. ఇంట్లో చెప్పలేదు.

మొదట హిందూపురంలో ఏసీలు బాగుచేసే ఒక షాపుకు పోయాను. గ్యాసు తగ్గిందన్నారు, నింపారు. మర్నాడు మళ్ళీ అదే. రెండో షాపులో గాలి వడకట్టే ఫిల్టరు తీసి దులిపారు. స్టార్టు చేసి ఐదు నిమిషాలు చూసి, బాగుందన్నారు. "అయినా ఎండ పడే పక్క రవ్వంత వేడిగానే ఉంటాదన్నా," అన్నాడు షాపు కుర్రాడు.

యమున సీట్లోంచే అంది, "అన్నా, పొద్దున ధర్మవరం పోయేటప్పుడు ఎండ నాయన పక్క పడుతాది. మధ్యాహ్నం పైన తిరిగొచ్చేటప్పుడూ నాయన పక్కే. నేను రెండుసార్లూ నీడలోనే కూర్చోనుంటా. నీడ పక్క ఎట్ల వేడెక్కుతాది?"

అతను నా వైపు చూసి నవ్వాడు. "పాప బాగా చదువుతాదే," అన్నాడు.

నేను మాత్రం యమున మాట దగ్గర ఆగిపోయాను. ఆ దారిలో పదేళ్ళుగా బండి తోలుతున్నాను. పోయేది ఉత్తరానికి, పొద్దుటి సూర్యుడు కుడిపక్క. వచ్చేది దక్షిణానికి, మధ్యాహ్నం సూర్యుడు పడమటికి వాలి మళ్ళీ కుడిపక్క. నా కుడి చెయ్యి మోచేతి దాకా నల్లబడింది ఎందుకో పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆమె వారం రోజుల్లో కనిపెట్టింది.

మూడో షాపులో, లోపల గాలిని అటూ ఇటూ మళ్ళించే రేకు ఒకటుంటుందని, దాన్ని తిప్పే చిన్న మోటారు పోయిందని చెప్పి, కొత్తది వేశారు. రెండు రోజులు నమ్మకంతో తిరిగాను. యమున చిత్తుపుస్తకంలో ఏదో రాసుకుంటూ కూర్చునేది. మూడో రోజు ధర్మవరం నుంచి తిరిగి వస్తుంటే చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే మీద లారీ అడ్డంగా పడి ఉంది. ముందు అర మైలు, వెనక అర మైలు బండ్లు నిలిచిపోయాయి. కదలడానికి లేదు. నిలబడిన బండిలో ఏసీ సరిగా లాగదు. నా పక్క గాలి చల్లదనం తగ్గింది. ఆమె పక్క గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు వచ్చింది. ఆ పక్క గాలిని మూసేశాను. ఆమెను నా వైపు జరిగి కూర్చోమన్నాను. సీసాల్లో ఉన్న నీళ్ళన్నీ ఆమె తల మీద పోశాను.

"నాయనా, మాట్లాడకుండా ఉంటా రవ్వంత సేపు," అంది. తర్వాత నేను పిలిచినా పలకలేదు.

బండి అక్కడే వదిలేసి ఆమెను ఎత్తుకుని రోడ్డు దిగి పరుగెత్తాను. చింతచెట్టు కింద టీ బంకు నడిపే ఒకామె, ఏం అడక్కుండానే, డ్రమ్ములో నీళ్ళు చెంబుతో ముంచి ముంచి పోసింది. పదిహేను ఇరవై చెంబులు పోసి ఉంటుంది. యమున కళ్ళు తెరిచి, ముందు నన్ను చూసి, తర్వాత ఆకాశాన్ని చూసి, "నూలు కట్టలు డిక్కీలో ఉండాయా, ఇచ్చేసినావా?" అని అడిగింది. ఇచ్చేశానని చెప్పాను. 

ఇంటికి వచ్చేసరికి ఆమె బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి. కుళ్ళాయమ్మ తలుపు తీసి చూసింది. అడగాల్సిన పని లేకపోయింది.

"ఇంగ పోయేది లేదు," అంది.

"పరీక్ష పదిరోజులే..."

"పరీక్ష వద్దు, ఏమీ వద్దు. నీడన కూర్చోని బతికితే సాలు. ఒకన్ని పోగొట్టుకున్న్యా. నా చేత్తో ఇంకొకరిని పంపించను."

యమునకు ముందు మాకు ఒక మగబిడ్డ. రొద్దం దగ్గర మా పల్లెలో పుట్టాడు. పదకొండు నెలలప్పుడు, మే నెలలో, జ్వరం వచ్చిందనుకున్నాం. మూడు రోజులు ఒళ్ళు పెనంలా కాలింది. నాలుగో రోజు పోయాడు. మూడేళ్ళ తర్వాత యమునను బెంగళూరులో చూపించినప్పుడు డాక్టరు, ఇంతకుముందు పిల్లలెవరైనా చిన్నప్పుడే పోయారా అని అడిగాడు. వాడిదీ జ్వరం కాదు, ఇదే జబ్బని ఆ ప్రశ్నతో తెలిసి, కుళ్ళాయమ్మ కుర్చీ చేతిని పట్టుకుని కూర్చుండిపోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో వేసవి అంటే మాటలు తగ్గిపోయే కాలం. ఆ బిడ్డ మాట ఆమె ఎత్తదు, మేమూ ఎత్తం.

కాబట్టి నేను ఎదురు చెప్పలేదు. 

మర్నాడు తెల్లవారుజామున యమున నన్ను లేపింది. ఇంట్లో చల్లగా ఉండే గంట అదే. నేల మీద కూర్చుని, చిత్తుపుస్తకం వెనక అట్ట చూపించింది. వారం రోజులుగా ఏ ఊరి దగ్గర గాలి ఎట్లా ఉందో పెన్సిలుతో రాసుకుంది.

"చూడు నాయనా. పొద్దున బండి ఎత్తినాక పది నిమిషాలు రెండు పక్కలా ఒకే తీరుగా ఉంటాది. షాపుల్లో ఆ ఐదు నిమిషాలే చూస్తారు. అందుకే బాగుందంటారు. ఊరు దాటినాక మారుతాది. పెనుకొండ ముందర ఎత్తు ఎక్కేటప్పుడు ఇంగా వేడి. నిన్న బండి నిలబడి ఇంజను కాగినప్పుడు అన్నిటికన్నా వేడి."

"ఐతే?"

"అందరూ చల్లదనం తక్కువైంది అంటాండారు. తక్కువ కాలేదు. చల్లదనం వస్తానే ఉండాది. దాంట్లో వేడి వచ్చి కలస్తాంది. రెండూ వేరు వేరుగా తెలుస్తాయి నాకు." ఆమె అరచేతిని గాలిలో నిలబెట్టి, వేళ్ళు విడదీసి చూపించింది. "ఇది ఎండ వేడి కాదు. రోడ్డు వేడి కాదు. ఇంజను వేడి. కారు లోపలికి ఇంజను వేడి వచ్చే దారి యాడన్నా ఉండాదా?"

ఉంది.  హీటరు. ప్రతి కారులోనూ ఉంటుంది. ఇంజనులో కాగిన నీళ్ళు రెండు పైపుల గుండా లోపలికి వచ్చి, ముందు డ్యాష్‌బోర్డు వెనక చిన్న జల్లెడలాంటి దాంట్లో తిరిగి వెళ్ళిపోతాయి. చలిదేశాల్లో గాలిని దాని మీదుగా పోనిచ్చి బండిని వెచ్చబెట్టుకుంటారు. మా వైపు ఆ మర ఎవరు తిప్పుతారు? పదేళ్ళలో నేను ఒక్కసారీ తిప్పలేదు. మూడు షాపులవాళ్ళకూ అది బండిలో ఉందన్న సంగతే గుర్తు రాలేదు. చలి తెలియని మా ఊళ్ళో, ఎండకు చచ్చే మనుషులం, ఒక కుంపటిని ముందు పెట్టుకుని తిరుగుతున్నాం.

కారు గురించి పుస్తకం చదవని పిల్ల, అరచేతిని గాలికి పెట్టి ఆ కుంపటిని కనిపెట్టింది. 

ఆ పొద్దు ఒక్కడినే నూలు తీసుకుపోతూ పెనుకొండలో దిగాను. కొండ కింద రేకుల షెడ్డులో రామప్ప అనే పెద్దాయన లారీల రేడియేటర్లు అతుకుతాడు. నీళ్ళ పైపుల సంగతి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. యమున చెప్పింది చెప్పినట్టు ఆయనకు చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, చాలాసేపు నా కారు వైపే చూశాడు.

"ఎవరప్పా ఇది నీకు చెప్పింది?"

"నా బిడ్డ."

"యాడ పని చేస్తాది?"

"పనేమీ లేదు పెద్దాయనా. పదో తరగతి రాసింది."

ఆయన లేచి నిలబడ్డాడు. "రేపు పొద్దున్నే ఆ పాపను తీసుకోనిరా. ఎండ రాకముందే చూద్దాం. లోపల గాలిని పట్టి చెప్పేవాళ్ళు కావల్ల. నా వల్ల కాదు." రెండు చేతులూ చాపాడు. కాగిన రేడియేటర్లు పట్టీ పట్టీ ఆ అరచేతులు పలకల్లా అయిపోయాయి. "వీటికి చల్లనా వేడీ తెలిసి ఇరవై ఏండ్లైంది."

కుళ్ళాయమ్మకు చెప్పాను. ఆమె కిటికీ గోనెపట్టాల మీద నీళ్ళు చల్లడం ముగించి, "పొద్దెక్కకముందే తిరిగి రావల్ల. నేనూ వస్తా," అంది. 

ఐదున్నరకు బయలుదేరాం. ఆమె వెనక సీట్లో కూర్చుంది. ఒళ్ళో స్టీలు బకెట్టు, దాన్నిండా నీళ్ళు, నీళ్ళలో నాలుగు తువ్వాళ్ళు. దారి పొడుగునా ఒక చెయ్యి బకెట్టులో, ఒక చెయ్యి యమున భుజం మీద. రామప్ప షెడ్డు ముందు ఆగేసరికి ఇంజను బాగా కాగింది. యమున పక్క గాలి వెచ్చబడింది.

రామప్ప యమునను కిందికీ పైకీ చూడలేదు. ఆమెను కొత్తగా చూసేవాళ్ళు జుట్టూ పళ్ళూ చూస్తారు. ఆయన ఆమె చేతులను చూశాడు.

"పాపా, నువ్వు బండి దిగద్దు. ఇంజను ఆపద్దు. నేను బానెట్టు ఎత్తి పని చేస్తాంటా. ఏం చేస్తాండానో చెప్పను. నీకు గాలి మారినట్టు అనిపిస్తే చెప్పు. అనిపించకుంటే ఊరికే ఉండు. నాకోసం ఏదో ఒకటి చెప్పద్దు."

"సరే తాతా."

బానెట్టు లేచింది. ముందద్దం నిండా అదే. ఆయన మాకు కనబడడు, మేము ఆయనకు కనబడం. నా చేతికి ఒక ముల్లు థర్మామీటరు ఇచ్చాడు, అది ఆమె పక్క గాలిలో పెట్టి పట్టుకున్నాను. యమున కుడి అరచేతిని దాని పక్కనే పెట్టి కళ్ళు మూసుకుంది.

ఇంజను మోత తప్ప ఏమీ లేదు. కుళ్ళాయమ్మ ఒక తువ్వాలు పిండి యమున తల మీద వేసింది. ఒక నిమిషం గడిచింది. బానెట్టు కింద ఏదో ఇనుము తగిలిన చప్పుడైంది. నేను యమున మొహం చూశాను. ఆమె పలకలేదు. ఇంకో నిమిషం.

"ఇప్పుడు," అంది.

థర్మామీటరు చూశాను. ముల్లు కదల్లేదు. తప్పు చెప్పిందనుకున్నాను. ఐదారు సెకన్లకు ముల్లు వణికింది. తర్వాత నిదానంగా కిందికి దిగసాగింది.

"ఏం చెప్పింది?" అని ముందు నుంచి రామప్ప అరిచాడు.

"ఇప్పుడు అన్నాది పెద్దాయనా, ఇందాకే."

 కొంతసేపటికి యమున, "మళ్ళా వస్తాంది వేడి," అంది. ముల్లు ఇంకా దిగుతూనే ఉంది. ఆమె చెప్పాక ఆగింది, ఆగి పైకి తిరిగింది.

మూడోసారి ఆమె కనుబొమలు ముడిచింది. "తగ్గింది గానీ... సగమే తగ్గింది. సగం దారి మూసినట్టు."

బానెట్టు పక్క నుంచి రామప్ప తల బయటికి వచ్చింది. అద్దంలోంచి ఆమెను చూశాడు. చేతిలో రబ్బరు చుట్టిన పట్టుకారు ఉంది.

"సగమే నొక్కినా," అన్నాడు. ఆ మాట ఆమెతో కాదు, నాతోనూ కాదు.

బానెట్టు దించి, షెడ్డు గోడకు ఉన్న కుళాయి కింద చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఆ తువ్వాలు మళ్ళీ భుజం మీద వేసుకోలేదు, చేతిలోనే పట్టుకుని యమున పక్క తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. కొండ మీదకు ఎండ అప్పుడే ఎక్కుతోంది. కోట రాళ్ళు ఒక్కొక్కటే ఎర్రబడుతున్నాయి.

"హీటరుకు పోయే నీళ్ళ పైపును నొక్కి పట్టినా పాపా. మొదటిసారి ఊరికే తగిలించి తీసినా, నిన్ను చూద్దామని. నువ్వు ఏమీ అనలేదు. రెండోసారి పూరాగా నొక్కినా. వెంటనే చెప్పినావు. మూడోసారి సగం." ఆయన తువ్వాలు మడిచాడు. "ఇంజన్ల పక్కనే నలభై ఏండ్లు కూర్చున్న్యా. నీకు ఎట్ల తెలుస్తాదమ్మా?"

యమున తల మీది తడిగుడ్డ సర్దుకుంది. "మీకందరికీ చెమట పడుతాది తాతా. వేడి వచ్చినాక మెల్లగా తెలుసుకున్నా మీకు నష్టం లేదు. నాకు అట్ల కుదరదు. అది వచ్చేలోపే నాకు తెలియల్ల."

వెనక సీట్లో బకెట్టు నీళ్ళు కదిలిన చప్పుడైంది. కుళ్ళాయమ్మ చెయ్యి నీళ్ళలోంచి తీసి, పైట కొంగుతో తుడుచుకుంటోంది. కూతురి తల వెనక భాగాన్ని చూస్తోంది. పదహారేళ్ళుగా దువ్వి, తడిపి, కాపాడిన తల. దాన్ని ఇప్పుడే కొత్తగా చూస్తున్నట్టు ఉంది ఆమె చూపు. నేనూ అట్లాగే చూశాను. మేము ఆమెకు ఏది లేదో అదే లెక్కపెట్టుకుంటూ వచ్చాం. చెమట లేదు, జుట్టు లేదు, పళ్ళు లేవు. ఆ లేనితనం లోపల ఇంత ఉందని మాకు తెలియదు.

రామప్ప చెప్పింది ఇది. లోపల వేడిగాలిని అడ్డుకునే రేకుకు అంచున స్పాంజి ఉంటుంది. ఎడమపక్క రేకుకు అది పాతబడి పొడిపొడిగా రాలిపోయింది. మోటారు కొత్తదైనా రేకు సందు మూయదు. ఇంజను కాగేకొద్దీ హీటరు వేడి ఆ సందులోంచి వచ్చి యమున పక్క గాలిలో కలుస్తుంది. డ్యాష్‌బోర్డు అంతా విప్పి బాగుచేయాలంటే రెండు మూడు రోజులు పడుతుంది.

"దాంతో పనేముందప్పా," అన్నాడు. "ఈ ఎండలో హీటరు పెట్టుకోని మనమేం చేస్తాం. నీళ్ళు ఆడికి పోకుండా చేస్తే సాలు."

ఇంజను ఆపి, చల్లారనిచ్చాడు. లోపలికి పోయే రెండు పైపులనూ విప్పి, వంచిన ఒక పైపు ముక్కతో ఒకదానికొకటి కలిపేశాడు. నీళ్ళు ఇంజనులోంచి వచ్చి, ఆ వంపు తిరిగి, ఇంజనులోకే పోతాయి. అరగంట పని. మళ్ళీ ఇంజను కాగేదాకా అందరం అక్కడే నిలబడ్డాం. యమున ఆ పక్కా ఈ పక్కా, పైనా కిందా, కాళ్ళ దగ్గరా చెయ్యి పెట్టి చూసింది.

"అంతటా ఒకటే," అంది.

కుళ్ళాయమ్మ వెనక నుంచి ముందుకు వంగి, తన చెయ్యి కూడా ఆ గాలికి పెట్టింది. చాలాసేపు తీయలేదు. తిరిగి వస్తుంటే, సోమందేపల్లి దగ్గర, పరీక్షకు హాల్ టికెట్టు తెచ్చుకున్నావా అని యమునను అడిగింది. 

ఆ పరీక్షలో యమునకు మంచి ర్యాంకు వచ్చింది. ధర్మవరంలోనే మెకానికల్ సీటు దొరికింది. అదంతా తర్వాత, జూన్‌లో, జూలైలో. కానీ మా ఇంట్లో జరగాల్సింది అంతదాకా ఆగలేదు. అది పరీక్ష రోజే, తిరిగొచ్చే దారిలో జరిగింది.

ఆ రోజు ధర్మవరంలో గాలి అన్నదే లేదు. పరీక్ష హాల్లో తడిగుడ్డ, నీళ్ళ సీసా పెట్టుకోవడానికి డాక్టరు చీటీ చూపించి అనుమతి తీసుకున్నాం. కుళ్ళాయమ్మ రెండు గంటలూ గేటు బయట, ఎండలోనే, చేతులు కట్టుకుని నిలబడింది. నీడకు రమ్మంటే రాలేదు. యమున ఎర్రబడిన మొహంతో బయటికి వచ్చి, తన కాళ్ళ మీదే నడిచి కారెక్కింది. "రెండు లెక్కలు తప్పినాయి," అంది.

చెన్నేకొత్తపల్లి దాటాక, వెనక సీట్లోంచి కుళ్ళాయమ్మ అడిగింది.

"యమునా. ఆ పొద్దు ఈడ వేడెక్కినప్పుడు నీకు ఎట్ల ఉండింది?"

నేను అద్దంలో చూశాను. ఆమె కిటికీ బయటికి చూస్తోంది.  ఆ ప్రశ్న అమ్మ నుంచి ఎన్నడూ రాలేదు.

"మొదట చెవులు కాలుతాయి. తర్వాత తల బరువైతాది. మాటలు దూరం నుంచి వినపడతాయి. దాని తర్వాత నిద్ర వచ్చినట్టు ఉంటాదమ్మా."

"నొప్పి?"

"మొదట రవ్వంత. నిద్ర వచ్చినాక ఉండదు."

ఒక మైలు గడిచింది. రోడ్డు పక్క దున్ని వదిలేసిన ఎర్రనేలలు, వాటి మీద ఒక్క మనిషి లేడు.

"వాని మీద నేను దుప్పటి కప్పినా," అంది కుళ్ళాయమ్మ. "జ్వరమనుకొని. రెండు దుప్పట్లు. వాడు తోసేస్తాంటే మళ్ళా మళ్ళా కప్పినా."

పద్దెనిమిదేళ్ళలో ఆ మాట ఆమె నాతో కూడా అనలేదు.    ఆ వేడి సంగతి నాకు తెలిసింది ఏమీ లేదు.

యమున సీట్లో వెనక్కి తిరిగింది. "నీ చెయ్యి వాని మీద పెట్టినావా అమ్మా?"

"రాత్రీ పగలూ తల మీదనే ఉండింది."

"నీ చేతికి చెమట పట్టిందా?"

"మే నెల. పట్టక?"

"అయితే ఆడ మాత్రం వానికి చల్లగా ఉండింటాది," అంది యమున. "నువ్వు చెయ్యి పెట్టిన చోట నాకెప్పుడూ చల్లగానే ఉంటాది. చిన్నప్పటి నుంచీ. అది నీ చెయ్యి, నీకు తెలీదు. నాకు తెలుసు."

వేడి సంగతిలో యమున ఎవరికోసమూ ఒక మాట ఎక్కువ చెప్పదు, తక్కువ చెప్పదు. రామప్ప షెడ్డులో అది మేమిద్దరం కళ్ళారా చూశాం. అందుకే ఆ మాట ఓదార్పులా వినబడలేదు. ఈ భూమ్మీద ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి చెప్పిన మాటలా వినబడింది.

"బండి ఆపు," అంది కుళ్ళాయమ్మ.

ఆపాను. యమున దిగి వెనక సీట్లో అమ్మ పక్కన కూర్చుంది. నేను గాలిని వాళ్ళ వైపు మళ్ళించి బండి తీశాను. కుళ్ళాయమ్మ ఏడ్వలేదు. అరచేతిని యమున నెత్తిన పెట్టి, కళ్ళు మూసుకుంది. పెనుకొండ దాటేసరికి తల ఒక పక్కకు వాలింది. వేసవిలో పగటిపూట ఆమె నిద్రపోవడం నేను అంతకుముందు చూడలేదు. గుంతలు తప్పించుకుంటూ, బ్రేకు గట్టిగా వేయకుండా, నూలు కట్టల కన్నా మెత్తగా తోలాను.

సోమందేపల్లి దగ్గర యమున ముందుకు వంగి నా చెవిలో చెప్పింది.

"అమ్మ చెయ్యి చల్లబడింది నాయనా. ఆయమ్మకు చలి వేస్తాంది. గాలి రవ్వంత తగ్గించు."

తగ్గించాను.